వాన నీటికి దారి: రోడ్‌స్టర్ ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

నాలుగు రోజులుగా పట్టిన ముసురు ఈ ఉదయం తెరిపి ఇచ్చింది. ఆరుబయటే ఉండిపోయిన రోడ్‌స్టర్ తలుపు తీయగానే చెమ్మ వాసన గుప్పుమంది. అద్దాలన్నిటికీ లోపలివైపు ఆవిరి పట్టి ఉంది. పాదాల దగ్గరి కార్పెట్‌ను అరచేత్తో తడిమితే పొడిగానే తగిలింది. బొటనవేలితో గట్టిగా అదిమేసరికి మాత్రం వేలి చుట్టూ నీళ్ళు ఊరి పైకి వచ్చాయి. కార్పెట్ కింద శబ్దం రాకుండా పరిచే మందపాటి ఫోమ్ ఉంటుంది. అది నీటిని పీల్చుకుని తనలోనే దాచుకుంటుంది కాబట్టి, పైబట్ట ఆరిపోయినా అడుగున రేకు వారాల తరబడి తడిలోనే నానుతూ ఉంటుంది. స్పాంజితో అద్ది కొలత పాత్రలోకి పిండి చూశాను: ఎడమవైపు సుమారు లీటరున్నర, కుడివైపు పావు లీటరు లోపు.

ఇది ఇరవై ఏళ్ళు దాటిన రెండు సీట్ల బండి, పైకప్పు మడిచే గుడ్డది. ఇలాంటి కార్లలో నీటి బెడద మామూలు కార్లకన్నా ఎక్కువగా ఉండడానికి కారణాలు వాటి నిర్మాణంలోనే ఉన్నాయి. తలుపు అద్దాలకు చుట్టూ ఫ్రేము ఉండదు, అద్దం అంచు నేరుగా పైకప్పు బీడింగ్‌కు, అంటే అంచున ఉండే రబ్బరు పట్టీకి, ఒత్తుకోవాలి. మడిచే కప్పుకు కుట్లు, కీళ్ళు ఉంటాయి. కూర్చునే నేల రోడ్డుకు చాలా దగ్గరగా ఉంటుంది. బరువు ముందు వెనకలకు సమంగా పంచడానికి కొన్నిటిలో బ్యాటరీని డిక్కీలో పెడతారు. స్థలం చాలక కొన్ని మోడళ్ళలో ఎలక్ట్రానిక్ యూనిట్లను సీటు కిందో కార్పెట్ కిందో అమర్చారు. అంటే నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో విలువైన వస్తువులూ అక్కడే ఉంటాయన్నమాట.

పని మొదలుపెట్టే ముందే ఒక నియమం పెట్టుకున్నాను. లీకు ఎక్కడుందో కళ్ళారా చూసేదాకా సందులు పూడ్చే సిలికాన్ ట్యూబు మూత తీయకూడదు. నీళ్ళు దిగిన చోటు వేరు, కనిపించిన చోటు వేరు. మధ్యలో అవి రేకు మడతల వెంబడి, వైర్ల కట్టల వెంబడి ఎంత దూరమైనా ప్రయాణిస్తాయి.

రెండో రోజు

నిన్న సాయంత్రమే లోపలి సామాను విప్పడం మొదలుపెట్టాను. ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ తీసేశాను. సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు ఉంటాయి, అవి ఎయిర్‌బ్యాగ్‌కూ సీటు బెల్టు బిగించే యంత్రానికీ చెందినవి. బ్యాటరీ తీశాక మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగి, ఆ తర్వాతే వాటిని ముట్టుకోవాలి. ఇందులో తొందర పనికిరాదు. ఒక్కో సీటుకు నాలుగు బోల్టులు. ఎడమ సీటు వెనక బోల్టు మాత్రం తుప్పు పట్టి మొరాయించింది. చొచ్చుకుపోయే నూనె వేసి రాత్రంతా వదిలేసి, ఈ రోజు ఉదయం కొంచెం ముందుకూ కొంచెం వెనక్కూ తిప్పుతూ బయటికి తీశాను.

కార్పెట్ ఎత్తాక కనిపించినది నేను భయపడినంత ఘోరం కాదు, ఆశించినంత బాగానూ లేదు. నేల రేకు గట్టిగానే ఉంది. సీటు బోల్టుల చుట్టూ, వెనక మూలలోని అతుకు వెంబడి పైపై తుప్పు లేచింది. అక్కడే ఒక కనెక్టర్ తెరిచి చూస్తే రెండు పిన్నుల మీద పచ్చటి పొడి పేరుకుని ఉంది. అది రాగి చిలుము. ఆ రెండు తీగలూ డోర్ లాక్‌వి. నెల రోజులుగా ఎడమ తలుపు ఒక్కోసారి తాళం పడకపోవడానికి కారణం మోటారు అనుకున్నాను. కారణం ఈ పచ్చపొడి.

ఫోమ్‌ను నిలువుగా వేలాడదీసి ఫ్యాన్ పెట్టాను. ఇది ఆరడానికి రోజులు పడుతుంది. హీట్ గన్‌తో తొందరపెడితే ఫోమ్ పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది.

నాలుగో రోజు

నీటి పరీక్ష చేశాను. దీనికి ఇద్దరు ఉండాలి కాబట్టి మా అక్క కొడుకును పిలిచాను. వాడు టార్చి పట్టుకుని కారు లోపల కూర్చున్నాడు, నేను బయట గొట్టం పట్టుకున్నాను. ప్రెషర్ వాషర్ వాడలేదు. అంత ఒత్తిడితో కొడితే మంచి బీడింగ్ కూడా లీకవుతుంది, దానివల్ల తెలిసేది ఏమీ ఉండదు. వాన ఎలా జారుతుందో అలాగే నీళ్ళు మెల్లగా పారాలి. ఎప్పుడైనా కింది నుంచి పైకి పోవాలి: ముందు తలుపు కింది అంచు, తర్వాత మధ్య భాగం, తర్వాత అద్దం అంచు, చివరికి పైకప్పు. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు అన్ని అతుకుల మీదుగానూ జారి, ఏది లీకో తేలదు. ఒక్కో చోట పది నిమిషాలు పోశాను.

బీడింగ్‌ల మీద సుద్దపొడి పల్చగా అద్దాము. నీళ్ళు దాటిన చోట ఆ పొడి మీద గీత పడుతుంది. తలుపు చుట్టూ గీత లేదు. విండ్‌షీల్డ్ మూలల్లో లేదు. పైకప్పు ముందు అంచు దగ్గర కూడా లేదు. చివరికి కప్పు వెనక అంచు మీద, గుడ్డ వచ్చి రేకును కలిసే చోట పోయడం మొదలుపెట్టాను. ఏడో నిమిషంలో లోపలి నుంచి మాట వినిపించింది.

“మామయ్యా, సీటు బెల్టు చక్రం వెనక మెరుస్తోంది.”

“చుక్కా, ధారా?”

“ముందు చుక్కలే. ఇప్పుడు ధార కట్టింది మామయ్యా, ఆపెయ్.”

గొట్టం ఆపాక కూడా ఆ ధార చాలాసేపు ఆగలేదు. అప్పుడే నాకు అర్థమైంది. అతుకులోంచి నేరుగా దిగే నీళ్ళయితే గొట్టం ఆపగానే తగ్గిపోవాలి. ఆపాక కూడా కారుతున్నాయంటే పైన ఎక్కడో నీళ్ళు నిలిచి, అంచు దాటి పొర్లుతున్నాయన్నమాట.

ఐదో రోజు

గుడ్డ కప్పు వెనక అంచు కింద ఒక గాడి ఉంటుంది. కప్పు మీద పడిన నీళ్ళలో కొన్ని ఎలాగూ లోపలికి దిగుతాయని తయారీదారుకు తెలుసు. వాటిని ఆ గాడిలోకి పట్టి, రెండు మూలల్లో ఉన్న గొట్టాల ద్వారా వెనక చక్రాల ముందు కిందికి వదిలేస్తారు. చెరువుకు కట్ట ఎంత ముఖ్యమో తూము అంత ముఖ్యం. నా బండిలో కట్ట బాగానే ఉంది, తూమే పూడిపోయింది.

కుడి గొట్టంలో అర లీటరు పోస్తే కొంత ఆలస్యంగానైనా కిందికి వచ్చింది. ఎడమ గొట్టంలో పోసిన నీళ్ళు పోసినట్టే నిలిచాయి. గాలి కంప్రెసర్‌తో ఊదాలన్న ఆలోచన వచ్చింది కానీ మానుకున్నాను. పాత గొట్టం రబ్బరు బిగుతు కోల్పోయి ఉంటుంది. గాలి ఒత్తిడికి అది లోపలి గ్రోమెట్ (రేకు రంధ్రంలో గొట్టాన్ని పట్టి ఉంచే రబ్బరు చుట్టు) నుంచి ఊడిపోతే నీళ్ళన్నీ నేరుగా బాడీ లోపలికే దిగుతాయి, ఊడిన చోటికి చేయి పోదు. గట్టి ఇనుప తీగ గొట్టాన్ని చీలుస్తుంది. అందుకని గడ్డి కోసే యంత్రానికి వాడే రెండు మిల్లీమీటర్ల నైలాన్ తీగను తీసుకుని, కొసను మంటకు చూపి గుండ్రంగా చేసి, కింది నుంచి మెల్లగా తిప్పుతూ ఎక్కించాను.

ఒక జానెడు లోపల మెత్తగా అడ్డు తగిలింది. రెండు మూడు సార్లు ముందుకూ వెనక్కూ ఆడించేసరికి నల్లటి బురద, కుళ్ళిన ఆకుల పీచు బయటికి వచ్చి నా మణికట్టు మీద పడ్డాయి. పైనుంచి గాడిలోకి టార్చి వేసి పట్టకారుతో తీసిన ముద్దలో ఒక మొలక ఉంది. ఏదో చెట్టు గింజ అక్కడే మొలిచి, వెలుతురు లేక పాలిపోయిన రెండు ఆకులు వేసి, దారపు పోగు లాంటి వేరును గొట్టం నోట్లోకి దింపింది. ఎన్నాళ్ళ తడి ఉంటే ఆ గింజ అక్కడ మొలకెత్తి ఉంటుందో ఆలోచిస్తూ దాన్ని చాలాసేపు అరచేతిలో పెట్టుకుని చూశాను.

గోరువెచ్చని సబ్బు నీళ్ళతో నాలుగు సార్లు కడిగాక అదే అర లీటరు పదకొండు సెకన్లలో కింద పడింది. ఆ చప్పుడు వినడానికి ఇంకో మూడు సార్లు పోశాను.

అదే ఊపులో బానెట్ ఎత్తి వైపర్ల కింది గాడి కూడా చూశాను. అక్కడా ఆకులే. ఆ గాడి తూములు పూడితే నీళ్ళు క్యాబిన్‌కు గాలి తీసుకునే ద్వారం గుండా పాదాల మీదికే వస్తాయి.

తొమ్మిదో రోజు

ఫోమ్ ఆరింది. తూకం వేసి చూశాను, రెండు రోజులుగా బరువు మారలేదు. ముట్టుకుని ఆరిందో లేదో చెప్పడం కంటే ఇది నమ్మదగిన పద్ధతి.

మళ్ళీ నీటి పరీక్ష. ఎడమ వెనక మూల పూర్తిగా పొడిగా ఉంది. అయితే కుడివైపు నిలిచిన ఆ పావు లీటరు సంగతి ఇంకా తేలలేదు. ఈసారి కుడి అద్దం మీద నీళ్ళు పోస్తే తలుపు బీడింగ్ పొడిగా ఉండగానే, తలుపు లోపలివైపు కప్పి ఉండే డోర్ ప్యాడ్ కింది అంచు నుంచి సన్నని చెమ్మ నేల మీదికి దిగింది.

చాలామందికి తెలియని సంగతి ఒకటి ఇక్కడ రాయాలి. తలుపు లోపలికి నీళ్ళు పోవడం తప్పు కాదు. అద్దం కిందికి దిగే సందు ఉన్నంత కాలం వాన నీళ్ళు తలుపు లోపలికి పోతూనే ఉంటాయి, తలుపు అడుగున ఉన్న రంధ్రాల గుండా బయటికి పోతాయి. ఆ తడి గదికీ మనం కూర్చునే పొడి గదికీ మధ్య ఉండే గోడ ఒక పలుచని ప్లాస్టిక్ పొర మాత్రమే. ప్యాడ్ విప్పితే ఆ పొర అర్ధచంద్రాకారంలో కోసి ఉంది. గతంలో ఎవరో స్పీకరు బిగించడానికి కోసి, మామూలు టేపుతో అతికి వదిలేశారు. టేపు ఏనాడో ఊడిపోయింది.

మందపాటి పాలిథీన్‌తో పాత పొర ఆకారంలోనే కొత్తది కోసి, బ్యూటైల్ టేప్‌తో, అంటే బంకలా సాగే రబ్బరు టేపుతో, చుట్టూ అతికాను. ఈ టేపు ఎప్పటికీ గట్టిపడదు కాబట్టి మళ్ళీ తీసి పెట్టుకోవచ్చు. పొర కింది అంచును రేకు మీద అతికితే పని పాడైనట్టే. ఆ అంచును తలుపు లోపలికి తోసి వేలాడదీయాలి, అప్పుడే పొర వెంబడి జారిన చుక్క తలుపు గర్భంలో పడి రంధ్రం గుండా పోతుంది. పెంకుటింట్లో పై పెంకు కింది పెంకు మీదికి వాలి ఉండే లెక్కే ఇదీ.

పన్నెండో రోజు

బీడింగ్‌ల పని. కాగితం ముక్కను తలుపు సందులో పెట్టి మూసి లాగి చూశాను. చుట్టూ అన్ని చోట్లా గట్టిగా పట్టుకుంది, ఎడమ అద్దం పై మూలలో మాత్రం సులువుగా జారింది. కొత్త బీడింగ్ కొనక్కరలేకపోయింది. గొళ్ళెం తగులుకునే కొక్కెం బోల్టులు సడలించి, దాన్ని ఒక మిల్లీమీటరు లోపలికి జరిపి బిగిస్తే కాగితం పట్టుకుంది. రబ్బరును సబ్బు నీళ్ళతో కడిగి ఆరాక సిలికాన్ గ్రీజు పల్చగా రాశాను. పెట్రోలియం జెల్లీ రాయమని సలహా ఇచ్చేవారు ఉంటారు, అది ఈ రకం రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది, నేను రాయను.

గుడ్డ కప్పును మెత్తటి బ్రష్‌తో కడిగి, రెండు రోజులు ఆరనిచ్చి, గుడ్డకే తయారుచేసిన నీటి నిరోధక ద్రవం రెండు పూతలు వేశాను. ఇప్పుడు నీళ్ళు చల్లితే తామరాకు మీద బొట్టులా దొర్లుతున్నాయి. తడిసిన కప్పును ఇక మీదట మడవకూడదని స్టీరింగ్ పక్కన చీటీ అంటించుకున్నాను, ఎందుకంటే మడతల్లో మిగిలిన తడి ఒక్క వారంలో బూజు పట్టిస్తుంది.

పదిహేనో రోజు

రెండు రోజుల కిందట చూసింది చాలా బాధ కలిగించింది. తలుపు కింద బండి పొడవునా ఉండే బోలు పెట్టె లాంటి భాగాన్ని సిల్ అంటారు. గట్టి పైకప్పు లేని కారుకు బలంలో చాలా భాగం ఆ సిల్‌లోనే ఉంటుంది. వెనక మూలలో పొర్లిన నీళ్ళు చివరికి చేరేది అక్కడికే. దాని అడుగున నీళ్ళు పోవడానికి చిన్న రంధ్రాలు ఉండాలి. నా బండికి అవి కనిపించలేదు. కొన్నేళ్ళ కిందట ఒక వర్క్‌షాపులో అడుగుభాగానికి తుప్పు పట్టకుండా నల్లటి కోటింగ్ కొట్టించాను. రంధ్రాలను కాగితంతో మూసి కొట్టాల్సింది. అలా చేయకుండా వాటి మీదుగానే మందంగా కొట్టేశారు. పెట్టెను లోపలి నుంచి నింపే నీటికి పోయే దారి లేకుండా పోయింది. తుప్పు నుంచి కాపాడుతుందని డబ్బిచ్చి చేయించుకున్న పనే తుప్పుకు ఇల్లు కట్టింది.

చెక్క పుల్లతో ఒక్కో రంధ్రాన్ని వెతికి తెరిచాను. ఎడమవైపు మూడో రంధ్రం తెరవగానే గోధుమ రంగు నీళ్ళు గిన్నెలోకి కారాయి, దాదాపు ఒక గ్లాసుడు. సన్నని కెమెరాను లోపలికి పంపి చూశాను. అతుకుల వెంబడి తుప్పు పొలుసులుగా లేచింది కానీ రేకు తూట్లు పడలేదు. ఇనుము, నీరు, ఆక్సిజన్ మూడూ కలిసిన చోటే తుప్పు పుడుతుంది. పుట్టిన తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమించుకుంటుంది కాబట్టి అతుకు రేకులను అది లోపలి నుంచే విడదీస్తుంది. ఒకటి రెండు వానాకాలాలు ఇలాగే గడిచి ఉంటే వెల్డింగ్ తప్పేది కాదు.

సిల్ లోపలికి రెండు రోజులు పొడి గాలి పట్టించాను. పూర్తిగా ఆరాక, పొడవాటి నాజిల్‌తో క్యావిటీ వ్యాక్స్ కొట్టాను. ఈ మైనం పలుచగా పాకి రేకుల సందుల్లోకి దూరి, గాలీ తేమా తగలకుండా పొర కడుతుంది. తడి మీద కొడితే తేమను లోపలే బంధిస్తుంది. కొట్టాక రంధ్రాలన్నిటినీ మళ్ళీ ఒకసారి పుల్లతో పొడిచి తెరిచాను.

ఇరవయ్యో రోజు

విద్యుత్ పనులు. పచ్చబడిన పిన్నులను కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, సన్నని నైలాన్ బ్రష్‌తో తోమాను. ఒక పిన్నును చిలుము సగం తినేసింది, ఆ పిన్నును మార్చాను. నేల మీద పడుకుని ఉన్న కనెక్టర్లను రేకు నుంచి నాలుగు వేళ్ళ ఎత్తుకు లేపి కట్టాను. ప్రతి తీగకూ కనెక్టర్‌కు ముందు కిందికి చిన్న వంపు ఇచ్చాను, తీగ వెంబడి జారిన చుక్క ఆ వంపులోనే రాలిపోతుంది. డిక్కీలో బ్యాటరీ ఉంది కాబట్టి దాని నుంచి వెలువడే వాయువులను వదిలే గొట్టం బయటికే పోతోందని నిర్ధారించుకున్నాను.

బ్రేకు ద్రవం కూడా మార్చాను. అది గాలిలోని తేమను తాగే గుణం గలది. డాట్ 4 అనే ప్రమాణానికి చెందిన ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. వేగంగా నడిపే బండికి ఈ తేడా ప్రాణాల మీదికి తెస్తుంది.

ఎయిర్ ఫిల్టర్ గాలి పీల్చే నోరు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచాను: 38 సెంటీమీటర్లు. ముందు చక్రం లేపే అల దానికన్నా పైకి వస్తుంది. సిలిండర్‌లో పిస్టన్ గాలిని అదమగలదు, నీటిని అదమలేదు. నీళ్ళు లోపలికి పోయిన క్షణంలో పిస్టన్‌ను నడిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. నీళ్ళలో ఇంజిన్ ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయకుండా తోసుకుంటూ బయటికి తేవాలని, స్పార్క్ ప్లగ్గులు తీసి చూసేదాకా తాళం తిప్పకూడదని మా ఇంట్లో బండి నడిపే వాళ్ళందరికీ చెప్పాను.

ఇరవై రెండో రోజు

బండికి తొడిగే పాత ప్లాస్టిక్ కవరును అవతల పడేశాను. దాని కింద రాత్రి చల్లబడిన రేకు మీద మంచులా తేమ దిగి, ఉదయం ఎండకు ఆవిరై, బయటికి పోలేక మళ్ళీ రేకు మీదే పడుతోంది. వాన పడని రోజున కూడా ఆ కవరు కింద బండి తడిసే ఉంటోంది. గాలి ఆడే బహుళ పొరల కవరు తెచ్చాను. దాన్ని తొడిగే ముందు బండి శుభ్రంగా ఉండాలి, లేకపోతే గాలికి కవరు కదిలినప్పుడల్లా దుమ్ము పెయింటును గీకుతుంది. లోపల తేమ కొలిచే చిన్న మీటరు, సీటు వెనక సిలికా జెల్ సంచి పెట్టాను. మీటరు 60 శాతం దాటితే తుప్పుకూ బూజుకూ అనువైన వాతావరణం వచ్చినట్టే. ఈ జెల్ తన బరువులో సుమారు మూడో వంతు నీటిని మాత్రమే పట్టగలదు, ఆ తర్వాత వేడి చేసి ఆరబెట్టాలి. లీకు ఉన్న బండిలో దీనివల్ల ఏ ప్రయోజనమూ లేదు.

ముప్పై ఒకటో రోజు

రెండు రోజులు ఏకధాటిగా వాన కురిసింది. కార్పెట్ ఇంకా పరచలేదు కాబట్టి నేల నాలుగు మూలలా టిష్యూ కాగితాలు పరిచి బండిని కావాలనే ఆరుబయట వదిలాను. మూడు కాగితాలు పొడిగా ఉన్నాయి. కుడి వెనక మూల కాగితం మీద రూపాయి బిళ్ళంత తడి మరక ఉంది. డ్రెయిన్ గొట్టం బాగానే పారుతోంది. మరక నుంచి పైకి వెతుక్కుంటూ పోతే యాంటెన్నా పాదం దగ్గర ఆగింది. దాని కింది రబ్బరు వాషర్ ఎండి నెర్రెలిచ్చి ఉంది. బయటి నుంచి సీలెంట్ పూస్తే ఐదు నిమిషాల పని. విప్పి వాషర్ మార్చడానికి డిక్కీ పక్క ప్యాడ్ మొత్తం తీయాల్సి వచ్చింది.

ముప్పై మూడో రోజు

కొత్త వాషర్ బిగించి, ఆ ఒక్కచోటే పదిహేను నిమిషాలు నీళ్ళు పోశాము. మా వాడు లోపల టార్చి పట్టుకుని కూర్చున్నాడు. “ఏమీ లేదు మామయ్యా” అన్నాడు, ఇంకో ఐదు నిమిషాలు పోయమన్నాడు, పోశాను. కాగితం పొడిగానే ఉంది. మీటరు 52 చూపిస్తోంది. ఫోమ్, కార్పెట్ పరిచేశాము. సీటు బోల్టులకు గ్రీజు రాసి పెట్టాను, రేపు ఉదయం బిగుతు కొలిచే టార్క్ రెంచ్‌తో బిగిస్తాను. నైలాన్ తీగను చుట్టి డిక్కీలో టైరు పక్కన పెట్టాను, ఆకులు రాలే కాలంలో నెలకోసారి గొట్టాల్లోకి దింపాలి.